పాత తెరచాప ఓడని నీళ్లలోనే ఉంచాలా, గట్టెక్కించాలా?

1897 జూన్ 16న ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ తీరంలో జరిగింది చదివిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న నన్ను వదలట్లేదు. ఫూడ్రాయంట్ అని ఒక కొయ్య యుద్ధనౌక, 1798లో తయారైంది, ఒకప్పుడు బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఎక్కి నడిపించినది. 1892లో నేవీ అమ్మేస్తే తుక్కు వ్యాపారుల పాలైంది. వీట్లీ కాబ్ అనే ఆయన దాన్ని సొంత డబ్బుతో కొని, బోలెడంత ఖర్చుపెట్టి బాగుచేయించి, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి తీరం వెంట ఊరూరా తిప్పుతూ టికెట్టు పెట్టి జనానికి చూపించాడు. బ్లాక్‌పూల్ దగ్గర లంగరేసి ఉండగా గాలివాన ముంచుకొచ్చింది. లంగరు గొలుసు తెగింది, ఓడ నార్త్ పియర్‌ని, అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన వంతెన లాంటి కట్టడాన్ని, గుద్దుకుని ఇసుకలో కూరుకుపోయింది. సిబ్బందిని లైఫ్‌బోటు వాళ్లు కాపాడారు, ఓడని మాత్రం ఎవరూ కదపలేకపోయారు. ఆ డిసెంబరు గాలివానలకి అది ముక్కలైపోయింది.

కాబ్ మీద నాకు కోపం లేదు, ఆయన లేకపోతే ఆ ఓడ ఎప్పుడో తుక్కయ్యేది. కానీ ఆపిన చోటు చూడండి. పడమటి గాలి నేరుగా ఒడ్డుకి తోసే తీరం, కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఇసుక, తలదాచుకోవడానికి రేవు లేదు. అలాంటి చోట గొలుసు తెగితే ఇక చేతిలో ఏమీ ఉండదు. ఆటు వచ్చినప్పుడు అంత బరువూ ఇసుక మీద కూర్చుంటుంది, పోటు వచ్చినప్పుడు అల ఓడని కాస్త లేపి మళ్లీ అదే ఇసుక మీద పడేస్తుంది. రోజుకి రెండుసార్లు ఇదే వరస. రాయి తగలకపోయినా చాలు, అడుగు దూలాలు విరగడానికి.

అయితే నీళ్లలోంచి తీసేస్తే గొడవ వదులుతుందా? నెల్సన్ చనిపోయిన విక్టరీ ఓడని అలాగే చేశారు. అది పోర్ట్స్‌మత్ హార్బర్‌లో కట్టేసి ఉన్నప్పుడు, 1903లో, తుక్కుకి లాక్కెళ్తున్న ఇంకో పాత ఓడ తాళ్లు తెంపుకుని వచ్చి గుద్దింది. 1922లో డ్రై డాక్‌లోకి, అంటే నీళ్లు తోడేసి ఓడని నిలబెట్టే గోతిలోకి, ఎక్కించారు, అప్పట్నుంచీ అక్కడే ఉంది. ఇక మునగదు, గొలుసు తెగే టెన్షన్ లేదు. కానీ ఓడ అడుగుని నీళ్లు అన్ని వైపులా సమానంగా మోస్తాయి, డాక్‌లో ఆ బరువంతా కొన్ని ఊతాల మీదే పడుతుంది. విక్టరీ పొట్ట నెమ్మదిగా కుంగుతోందని తేలి, ఈమధ్యే 134 కొత్త ఊతాలు పెట్టాల్సి వచ్చింది. పైగా వాన నీళ్లు. ఉప్పునీళ్ల కంటే వాన నీళ్లే కొయ్యని త్వరగా కుళ్లబెడతాయి. మన వైపు నాటు పడవని వేసవంతా ఎండలో వదిలేస్తే పలకల సందులు తెరుచుకోవడం వేట చేసేవాళ్లు ఎవరైనా చెప్తారు. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి ఒడ్డు మీదే ఉంది కదా అంటారేమో, అది ఉక్కు. దాని శత్రువు తుప్పు, ఆ లెక్క వేరు.

మూడో దారి, డబ్బుల్లేవని వదిలేయడం. 1805 నాటి ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో ఫ్రెంచి వాళ్ల తరఫున పోరాడి, తర్వాత బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కిన ఇంప్లేకబుల్ అనే ఓడని 1949 డిసెంబరు 2న బ్రిటిష్ వాళ్లే సముద్రంలోకి తీసుకెళ్లి పేల్చి ముంచేశారు. దాని వెనకభాగం అలంకారం ఇప్పుడు గ్రీనిచ్ మ్యూజియంలో ఉంది. నూటయాభై ఏళ్లు నిలిచిన ఓడ అది, ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నా ఓటు నాలుగోదానికి. ఫూడ్రాయంట్ పోయాక కాబ్ అదే ఏడాది ఇంకో ఓడ కొని దానికి ఆ పేరే పెట్టుకున్నాడు. దాని అసలు పేరు ట్రింకోమలీ, బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం చేతిలో టేకుతో తయారై 1817లో నీళ్లలోకి దిగింది. దాని మొదటి ప్లాన్లు తెస్తున్న జావా అనే ఓడని 1812లో అమెరికన్లు నాశనం చేస్తే, మళ్లీ ప్లాన్లు పంపాల్సి వచ్చిందట. అంత తిప్పలు పడి పుట్టిన ఓడ ఇప్పుడు హార్టిల్‌పూల్‌లో, పాత డాక్‌లో, కదలని నీళ్ల మీద తేలుతోంది. అలలు లేవు, లంగరు మీద ఆధారపడే పని లేదు, అడుగుని నీళ్లే మోస్తున్నాయి. టేకు కాబట్టి ఓక్ కంటే పుచ్చు తక్కువ.

అమెరికాలోని బోస్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ అనే పాత కొయ్య యుద్ధనౌక కూడా నీళ్ల మీదే ఉంది, అప్పుడప్పుడు టగ్గుల సాయంతో హార్బర్‌లో ఒక చుట్టు తిరిగొస్తుంది. కానీ తేలే కొయ్య ఓడకి కొన్నేళ్లకోసారి డ్రై డాక్ తప్పదు, కాన్‌స్టిట్యూషన్‌ని 2015 నుంచి 2017 దాకా ఎక్కించి అడుగు రాగి రేకులు మార్చారు. కొనేముందే ఆ ఖర్చు పక్కన పెట్టుకోవాలి. టికెట్ల డబ్బుతో చూసుకుందాంలే అనుకుంటే, ఎక్కడ జనం ఎక్కువ వస్తారో అక్కడికే ఓడని తీసుకెళ్లాల్సొస్తుంది. బ్లాక్‌పూల్‌కి ఫూడ్రాయంట్ వెళ్లింది అందుకే.