బోటు స్టీరియోకి ఐపాడ్ నానో: చిలికాలో ఏళ్ళ తరబడి వాడాక

చేతిలో ఇంత ఫోన్ పెట్టుకుని ఇంకా ఆ పాత ఐపాడ్ ఎందుకు, దానికో వైరెందుకు అని మా బోటెక్కినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. మాది ఒడిశాలో గంజాం జిల్లా రంభ. అన్నయ్యా నేనూ కలిసి చిలికా సరస్సులో టూరిస్టు బోటు నడుపుతాం. ఎక్కువమంది బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్ళు, ఆ తర్వాత ఒడియావాళ్ళు, బెంగాలీలు. దీవి మీది కాళీజాయి గుడి దాకా వెళ్ళి రావాలంటే నీటి మీద చాలాసేపే గడపాలి. పాట లేకపోతే డీజిల్ ఇంజిన్ మోతే దిక్కు. అందుకే పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద ఒక మెరైన్ స్టీరియో, నాలుగు స్పీకర్లు పెట్టించి, 2009లో వచ్చిన ఐదో తరం ఐపాడ్ నానో అనే ఆపిల్ పాటల ప్లేయర్‌ని వైరుతో తగిలించాం. ఎన్ని వానాకాలాలు గడిచినా ఇంతవరకూ దాన్ని తీసేయాలనిపించలేదు.

మిగతావన్నీ వాడి చూశాకే ఈ మాట చెబుతున్నాను. బ్లూటూత్ పాడుతుంది, కాదనను. కానీ ఫోన్ చుక్కాని దగ్గర, స్టీరియో ముందువైపు ఉండి, మధ్యలో జనం నిండా కూర్చుంటే పాట తెగితెగి వస్తుంది. ఆ తరంగాలను మనిషి ఒంట్లోని నీరే మింగేస్తుంది. భక్తి పాట మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే రింగ్‌టోన్ బోటంతా మోగుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టాలంటే స్టీరియో ముఖం మీది రబ్బరు మూత తెరిచే ఉంచాలి. స్టీరియో మీద రాసి ఉండే నీటి రక్షణ రేటింగు ఆ మూత వేసి ఉన్నప్పటి సంగతి, అదీ సాధారణంగా ముందు ముఖానికే. వెనకవైపు నీళ్ళు తగిలితే ఎవరూ కాపాడలేరు.

నానోలో నాకు అన్నిటికంటే నచ్చింది దాని బటన్లు. తాడు పట్టుకున్న తడి చేత్తో ఫోన్ తెర మీద ఎంత రుద్దినా పలకదు. నానో మీది చక్రం తిప్పడం కూడా తడి వేలితో సరిగ్గా కుదరదు గానీ, చక్రం అంచున నాలుగు వైపులా నొక్కే మీటలు నిజంగా లోపలికి దిగే మీటలు. చూపు నీటి మీద పెట్టుకునే, జేబులోనే బొటనవేలితో పాట ఆపొచ్చు, తర్వాతి పాటకి వెళ్ళొచ్చు. సౌండ్ పెంచడం తగ్గించడం స్టీరియో మీది గుండ్రటి నాబ్‌తోనే.

అలా కుదరడానికి కారణం లైన్ అవుట్. హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి తీసుకుంటే ప్లేయర్‌లో వాల్యూమ్ ఎంతుంటే స్టీరియోకి అంతే వెళుతుంది. మరీ తగ్గిస్తే స్టీరియోని పెంచాల్సి వచ్చి గాలి హోరులాంటి రొద తోడవుతుంది, పూర్తిగా పెంచితే పాట పగులుతుంది. ముప్పై పిన్నుల పాత ఐపాడ్‌లన్నిటికీ అడుగున ఉండే కనెక్టర్‌లోంచి లైన్ అవుట్ వస్తుంది. అది ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుంది, ప్లేయర్ వాల్యూమ్‌తో పనిలేదు. ఆ కనెక్టర్‌కి పెట్టే వైరు రెండో కొసన ఉండే ఎర్ర, తెల్ల పిన్నులు స్టీరియో వెనకున్న ఆక్స్ ఇన్‌పుట్‌కి, అంటే బయటి ప్లేయర్ పాట తీసుకునే సాకెట్టుకి, తగిలిస్తే చాలు. లైన్ అవుట్ లేని ప్లేయరైతే వాల్యూమ్ ముప్పాతిక దాటించి అక్కడే వదిలేసి, ఈక్వలైజర్ ఆపేసి, మిగతా సర్దుబాటు స్టీరియోలో చేసుకోండి.

అసలు తలనొప్పి ఆల్టర్నేటర్ కూత, అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం చప్పుడు పాటలోకి రావడం. బోటు స్టీరియో పెట్టించుకున్నవాళ్ళలో సగం మంది స్పీకర్లు బాగోలేవనుకుని మార్చేసేది దీని వల్లే అని నా నమ్మకం. పాట వెనకాల సన్నగా 'కుయ్' మంటూ ఒక కూత వస్తుంది. ఇంజిన్ వేగం పెంచితే అదీ పైస్థాయికి వెళుతుంది, తగ్గిస్తే దిగుతుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ప్లేయర్‌ని చార్జింగ్ నుంచి తీసేసి దాని సొంత బ్యాటరీ మీద పాడనివ్వండి. కూత ఆగిపోయిందా, తప్పు స్పీకర్లదీ కాదు, స్టీరియోదీ కాదు. ప్లేయర్‌కి చార్జింగ్ కూడా బోటు బ్యాటరీ నుంచే ఇస్తే గ్రౌండ్, అంటే నెగటివ్ వైపు, రెండు దారుల్లో కలుస్తుంది: చార్జర్ నెగటివ్ ఒకటి, ఆక్స్ వైరు బయటి పొర ఒకటి. ఆ రెండింటి మధ్య తిరిగే చిన్న కరెంటే ఆల్టర్నేటర్ చప్పుడును పాటలోకి మోసుకొస్తుంది. చౌకరకం యూఎస్‌బీ చార్జర్ అయితే తన రొద కూడా కలుపుతుంది.

దీనికి బజార్లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాట సిగ్నల్ అయస్కాంత క్షేత్రం గుండా దాటుతుంది, గ్రౌండ్ మాత్రం తెగిపోతుంది. మేం పెట్టి చూశాం, కూత పూర్తిగా పోయింది. కాకపోతే చౌకదానిలో మృదంగం, డోలు అడుగు స్వరం పలచబడింది, ట్రాన్స్‌ఫార్మర్ మరీ చిన్నదైతే అంతే. ఇప్పుడు మేం చేసేది ఇంకా సులువు. రాత్రి ఇంట్లో పవర్‌బ్యాంక్ చార్జ్ పెట్టి, పొద్దున బోటులో ప్లేయర్‌ని దానికి తగిలిస్తాం. బోటు బ్యాటరీతో దానికి సంబంధమే లేదు కాబట్టి కూతకి దారే లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వోల్టేజి పడిపోయి స్టీరియో ఆగి మళ్ళీ వెలిగినా, నానో ఏమీ పట్టనట్టు పాడుతూనే ఉంటుంది.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. చిలికా నీరు వానల్లో నదుల నీటితో చప్పబడి, ఎండాకాలానికి ఉప్పెక్కుతుంది. గాలిలో తేమ మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. మామూలు రాగి వైరు ప్లాస్టిక్ తొడుగు లోపల కూడా నల్లబడి, కొసల దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. తగరం పూత ఉన్న రాగి వైరు ధర ఎక్కువే, కానీ స్పీకర్లకు అదే వేయించండి. అన్నిటికంటే ముందు పాడయ్యేది ఆక్స్ సాకెట్టు. ఎడమ స్పీకర్ మూగబోతుంది, పిన్నును కొంచెం తిప్పితే 'టరటర' మని మళ్ళీ పలుకుతుంది. అలా తిప్పుకుంటూ రోజులు నెట్టకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. వైరుని స్టీరియోలోకి తిన్నగా పంపకుండా కిందికి ఒక వంపు వదిలితే, జారిన నీటి బొట్టు ఆ వంపు అడుగు నుంచి రాలిపోతుంది, సాకెట్టు దాకా రాదు. ఆక్స్ వైరునైతే మేం ఏటా వానలు వెలిశాక మార్చేస్తాం, ఎలాగూ చౌకే.

ఇక పాటల విషయం. బోటులో కుడివైపు కూర్చున్నవాళ్ళకి కుడి స్పీకరే, ఎడమవైపు వాళ్ళకి ఎడమదే వినబడుతుంది. తొలినాళ్ళ స్టీరియో రికార్డింగుల్లో కొన్నిట్లో గొంతు ఒకవైపు, వాయిద్యాలు ఇంకోవైపు ఉంటాయి. ఒకవైపు వాళ్ళు పాట వింటుంటే రెండోవైపు వాళ్ళు తబలా మాత్రమే వింటారు! అందుకని కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత పాటలన్నీ మోనోలోకి మార్చాను. ఎడమ, కుడి వైర్లను నేరుగా ముడేసి మోనో చేయొద్దు, ప్లేయర్ అవుట్‌పుట్ మీద భారం పడుతుంది. ఆ పనిలోనే పాటల మట్టాలన్నీ సమం చేశాను, లేకపోతే పాత పాట తర్వాత కొత్త పాట వచ్చేసరికి జనం ఉలిక్కిపడతారు. మొన్న సంక్రాంతి రద్దీలో ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, "బాబూ, ఆ పాట ఇంకోసారి ఎయ్యవా, గొంతు ఎంత బాగా ఇనబడతాందో" అంది. ఇంజిన్ మోతలో ఆవిడ చెవికి మాట స్పష్టంగా చేరిందంటే ఆ మోనో పని వల్లే. మళ్ళీ వేశాను.

స్పీకర్లు కాగితం కోన్‌వి వద్దు, తేమకి ఉబ్బుతాయి. పాలీప్రొపైలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవి తీసుకోండి. దిక్సూచి ఉన్న బోటైతే స్పీకర్ బిగించేముందు చేత్తో ఆ చోట పట్టుకుని దాని అయస్కాంతానికి ముల్లు కదులుతుందేమో చూడండి. ఆర్యపల్లి నుంచి సముద్రానికి వెళ్ళే మావాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. స్టీరియో పసుపు వైరు బ్యాటరీకి నేరుగా ఉంటే సెట్టింగులు గుర్తుంటాయి గానీ, బోటు వారాల తరబడి కట్టేసి ఉంటే బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుంది. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు, దాని పక్కన ఒక స్విచ్ ఉండాలి.

శీతాకాలంలో పక్షులు దిగిన చోటికి రాకముందే పాట ఆపేస్తాం. నలబణ పక్షుల అభయారణ్యం, మేం దాని జోలికే వెళ్ళం. రంభ దగ్గరి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ చుట్టుపక్కల కూడా నవంబరు నుంచి పక్షులుంటాయి. దూరంగా గుంపు కనబడగానే జేబులో మీట నొక్కుతాను. పాట కావాలని పిల్లలు గొడవ చేసినా సరే. ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చిన జీవాలను స్పీకర్ మోతతో లేపేసే హక్కు మనకి లేదు.

ఎండ దీనికి నిజమైన శత్రువు. 35 డిగ్రీల వరకే వాడమని ఆపిల్ చెబుతుంది, మేలో మా డ్యాష్‌బోర్డు పెట్టె లోపల అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. ఆ నెలల్లో ప్లేయర్ ఎప్పుడూ నీడన, నా చొక్కా జేబులోనే ఉంటుంది.

నానోల అమ్మకం 2017లోనే ఆగిపోయింది. ఇప్పుడు వాడినది కొనాలంటే మొదటి తరంది తీసుకోవద్దు, బ్యాటరీ వేడెక్కే లోపం వల్ల 2011లో ఆపిలే దాన్ని వెనక్కి తీసుకుంది. కొత్తదే కావాలంటే మీటలున్న ఏ ఫ్లాష్ మెమరీ ప్లేయరైనా పనికొస్తుంది. కొనేముందు షాపులోనే పవర్‌బ్యాంక్‌కి తగిలించి పాట వేసి చూడండి. యూఎస్‌బీ వైరు పెట్టగానే కంప్యూటర్‌కి కలిపారనుకుని పాట ఆపేసే ప్లేయర్లు చాలా ఉన్నాయి. అలాంటివి కొన్ని, డేటా తీగలు లేని చార్జింగ్ వైరు వాడితే పాడతాయి, కొన్ని అప్పుడూ పాడవు.