‘టీఎస్ఏ అప్రూవ్డ్’ అని రాసి ఉన్న ఇన్సులిన్ డబ్బా కొంటున్నారా? ముందు ఇది చదవండి

విమాన ప్రయాణానికని ఇన్సులిన్ పెట్టుకునే చిన్న బ్యాటరీ ఫ్రిజ్ ఆన్‌లైన్‌లో చూస్తున్న వాళ్ల కోసం రాస్తున్నాను. నేను కొన్నాను. 6,499 రూపాయలు పోయాయి, పోతే పోయాయి. అమ్మ కోసం సర్దిన తొమ్మిది సీసాల్లో నాలుగు పాడయ్యాయి. దాని వల్ల డాలస్‌లో ఇంకో పెద్ద ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది.

అమ్మకు 67 ఏళ్లు. పొద్దున 22 యూనిట్లు, రాత్రి 14. మన మందుల షాపుల్లో దొరికే 30/70 మిక్స్ ఇన్సులిన్, ఎంఎల్‌కు 40 యూనిట్లు ఉండే సీసా. అమెరికాలో, డాలస్‌లో ఉండే తమ్ముడి దగ్గర మూడు నెలలు ఉండాలని టికెట్లు తీశాం. సీసాకు 400 యూనిట్లు, రోజుకు 36, అంటే ఒక్కోటి పదకొండు రోజులు వస్తుంది. లెక్కేసి తొమ్మిది కొన్నాం. మే నెల ఎండలు, మధ్యలో విమానం మారడంతో కలిపి ఒక రోజు ప్రయాణం. మందు చెడిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే ఈ డబ్బా కనిపించింది. తెల్లగా, ముద్దుగా, పైన డిగ్రీలు చూపించే చిన్న తెర. మూత మీద నీలం రంగు గుండ్రటి ముద్ర: టీఎస్ఏ అప్రూవ్డ్, అంటే అమెరికా విమానాశ్రయాల తనిఖీ సంస్థ ఒప్పుకుందని. ఆ ముద్ర చూసే కొన్నాను, ఒప్పుకుంటున్నాను.

డబ్బాతో పాటు రెండు జెల్ ప్యాడ్‌లు ఇచ్చారు. బ్యాటరీ అయిపోతే ఇవి పనికొస్తాయట. ‘రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి సీసాల పక్కన పెట్టండి’ అని కాగితంలో ఉంది. అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను.

శంషాబాద్‌లో సెక్యూరిటీ దగ్గర ట్రే ఆగింది. సీఐఎస్ఎఫ్ ఆయన మర్యాదగానే అడిగారు, ‘ఇందులో బ్యాటరీ ఉందా మేడమ్?’ అని. ఉందన్నాను. డబ్బాను నాలుగు పక్కలా తిప్పి చూశారు, అడుగున అంటించిన స్టిక్కర్‌ను గోటితో పక్కకు జరిపి కూడా చూశారు. ఆయన వెతుకుతున్నది వాట్-అవర్ అంకె, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు శక్తి పడుతుందో చెప్పేది. అది ఎక్కడా లేదు. బ్యాటరీ బయటకు తీసి చూద్దామంటే డబ్బాలోపల కలిపి సీలు చేసేశారు. నేను మూత మీద ముద్ర చూపించాను. ఆయన నవ్వలేదు కానీ, ‘ఇది ఎవరైనా ప్రింట్ చేయించుకోవచ్చు మేడమ్’ అన్నారు.

నిజమే కదా. టీఎస్ఏ అనేది అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ. ఇన్సులిన్ డబ్బాలు పరీక్షించి ముద్ర వేయడం దాని పని కాదు. పైగా హైదరాబాద్‌లో మన సంచి తెరిచేది సీఐఎస్ఎఫ్, దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారితే అక్కడి వాళ్లు. ఈ ఇంగితం నాకు అర్ధరాత్రి కొనేటప్పుడు లేదు.

బ్యాటరీ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. లిథియం బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపు ఉంటే క్యాబిన్‌లో తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ ముందే ఒప్పుకోవాలి. అంతకు మించితే లేదు. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో అసలు పెట్టకూడదు. అమ్మేవాళ్లు ‘20,000 ఎంఏహెచ్’ అని మాత్రమే రాస్తే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి, 74 వస్తుంది. కానీ లెక్క మీరు వేస్తే చాలదు, అంకె వస్తువు మీదే అచ్చయి ఉండాలి.

డబ్బా అక్కడే వదిలేయాల్సి వచ్చింది. మమ్మల్ని దింపిన మా ఆయన అప్పటికే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేశారు. సరే అని సీసాలు ఒక్కొక్కటీ బయటకు తీస్తుంటే, ప్యాడ్‌కు ఆనుకుని ఉన్న నాలుగు దానికి అతుక్కుపోయి ఉన్నాయి. గాజు మీద మంచు పొర. ఒకదాన్ని అమ్మ అలవాటుగా రెండు అరచేతుల మధ్య దొర్లించింది. మామూలుగా నాలుగుసార్లు దొర్లిస్తే పల్చని పాలలా కలిసిపోతుంది. ఇది కలవలేదు. విరిగిన పాలలా పలుకులు పలుకులుగా గోడకు పట్టుకుని ఉంది. ‘ఇదేంటే, పెరుగు తోడేసినట్టుంది?’ అంది అమ్మ.

గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మళ్లీ మామూలుగా కనిపించినా వాడకూడదు. మనందరికీ వేడి అంటేనే భయం, గడ్డకట్టడం గురించి ఎవరూ హెచ్చరించరు. వాడని సీసాలకు 2 నుంచి 8 డిగ్రీలు సరిపోతాయి. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాడ్ దాదాపు మైనస్ 18 దగ్గర ఉంటుంది. దాన్ని గుడ్డ కూడా చుట్టకుండా సీసాల పక్కన పెట్టమని రాసిన వాళ్లను ఏమనాలో నాకు తెలియదు. చెక్-ఇన్ సామానులో ఇన్సులిన్ పెట్టొద్దని డాక్టర్లు చెప్పేదీ ఇందుకే. సూట్‌కేసు పోతే మందూ పోతుంది, పోకపోయినా కింద సరుకు గదిలో చలి ఎంత ఉంటుందో మన చేతుల్లో ఉండదు.

ఇంత రాద్ధాంతం తర్వాత తెలిసిన సంగతేమిటంటే, అసలా డబ్బానే అక్కర్లేదు. చాలా రకాల ఇన్సులిన్ 25, 30 డిగ్రీల లోపు మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా బాగానే ఉంటుంది. మీ రకానికి ఎంతో పెట్టెలోని కాగితంలో రాసి ఉంటుంది. విమానం లోపల ఏసీ, ఎయిర్‌పోర్టులో ఏసీ. ఎండ తగిలేది కారు దగ్గర ఆ పది నిమిషాలే. మిగిలిన ఐదు సీసాలు అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో, పాత కాటన్ చీర ముక్కలో చుట్టుకుని డాలస్ చేరాయి. తప్పకుండా చల్లదనం కావాలనుకుంటే నీళ్లలో నానబెట్టే గుడ్డ సంచులు ఉన్నాయి, మన కూజా సూత్రమే. బ్యాటరీ లేదు, ఐసు లేదు, గడ్డకట్టే భయం లేదు.

మా దగ్గర డాక్టర్ చీటీ ఉంది కాబట్టి సిరంజిలకు ఎవరూ అడ్డు చెప్పలేదు. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు, రోజుకు ఎన్ని యూనిట్లో ఉండేలా రాయించుకోండి, మందుల షాపు పెట్టెలు పారేయకండి. ట్రే బెల్టు మీద పెట్టకముందే ‘ఇన్సులిన్ ఉంది’ అని చెప్పేయడం మంచిది. క్యాబిన్‌లోకి తీసుకెళ్లే ద్రవాలకు ఉన్న 100 ఎంఎల్ నిబంధన నుంచి మందులకు మినహాయింపు ఉంది, కానీ అడిగితే చూపించాలి. షుగర్ పడిపోతే తాగడానికి జ్యూస్ కన్నా గ్లూకోజ్ బిళ్లలతో గొడవ తక్కువ. అరకిలో గ్లూకోజ్ పొడి డబ్బా మోయకండి, అమెరికా విమానాల్లో 350 ఎంఎల్ దాటిన పొడులకు అదనపు తనిఖీ ఉంటుంది. ఒంటికి ఇన్సులిన్ పంపు, షుగర్ చూసే సెన్సర్ ఉన్నవాళ్లు వాటి కంపెనీ పుస్తకం చూసుకోండి. కొన్ని పంపులను ఎక్స్‌రేలో, బాడీ స్కానర్‌లో పెట్టొద్దంటారు. అలాంటప్పుడు చేత్తో తనిఖీ చేయమని అడగొచ్చు.

ఇక డాలస్ సంగతి. ఐదు సీసాలంటే 55 రోజులు, తర్వాత? తమ్ముడు వాల్‌మార్ట్ ఫార్మసీలో అడిగితే అదే మిక్స్ (మన 30/70నే అక్కడ 70/30 అంటారు) చీటీ లేకుండానే ఇచ్చారు. అమ్మ సంతోషంగా తన ఎర్ర మూత సిరంజి తీసి, ఎప్పటిలాగే 22 గీత దాకా లాగింది. మా మరదలు సీసా పెట్టె చదువుతూ ‘అత్తయ్యా, ఆగండి’ అని చెయ్యి పట్టుకుంది. అక్కడి సీసా ఎంఎల్‌కు 100 యూనిట్లది. మన ఎర్ర మూత సిరంజి మీది గీతలు ఎంఎల్‌కు 40 యూనిట్ల సీసా కోసం. ఆ గీత దాకా లాగితే 22 కాదు, 55 యూనిట్లు లోపలికి వెళ్తాయి. పొద్దున ఖాళీ కడుపు మీద రెండున్నర రెట్లు. రాసేటప్పుడు కూడా నాకు చేతులు చల్లబడుతున్నాయి. అమెరికా వెళ్లే అమ్మానాన్నలు ఉన్న ప్రతి ఇంట్లో ఇది చెప్పండి. అక్కడ ఇన్సులిన్ కొంటే 100 యూనిట్ల సిరంజిలు కూడా అక్కడే కొనాలి, ఎర్ర మూతవి పక్కన పడేయాలి.

డబ్బా అమ్మినవాళ్లకు ఫొటోలతో రాశాను. ‘ఏడు రోజుల గడువు దాటింది, ముద్ర కేవలం డిజైన్‌లో భాగం’ అని జవాబు వచ్చింది. డిజైనట! 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు వాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. వాళ్లు తేల్చింది ఇదే కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మూత ఫొటో, కాగితం ఫొటో, బిల్లు ఉండబట్టి పని తేలికైంది. ఇలాంటిదేదైనా ఇప్పటికే కొని ఉంటే, ప్రయాణం రోజు దాకా ఆగకుండా ఇవాళే తిప్పి చూడండి. అడుగున వాట్-అవర్ అంకె లేకపోతే రిటర్న్ గడువు లోపలే వెనక్కి పంపేయండి.