రాకీ పర్వతాల్లో వేసవి ప్రయాణం: రిటైరైన జంటకి మోటార్‌హోమ్ మేలా, క్యాంపర్ వ్యాన్ మేలా, కారూ క్యాబినూ మేలా?

వేసవి దగ్గరపడేసరికి, అమెరికాలో ఉంటున్న మా ఈడు స్నేహితులు ఒకటే అడుగుతుంటారు. రాకీ పర్వతాలు చూసి రావాలంటే పెద్ద మోటార్‌హోమ్ అద్దెకి తీసుకోవాలా, చిన్న క్యాంపర్ వ్యాన్ సరిపోతుందా, లేకపోతే సొంత కారులోనే వెళ్ళి క్యాబిన్లలో దిగుతూ తిరగడం మంచిదా అని. అందరూ ముందు డబ్బు లెక్క వేసుకుంటారు. డబ్బు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీరు చూడాలనుకుంటున్న రోడ్డు మీదికి ఆ బండిని రానిస్తారా? ఆ బండిని మీరిద్దరూ నడపగలరా?

మోటార్‌హోమ్‌తో మొదలుపెడదాం. అద్దెకి దొరికేవి ఎక్కువగా 24 నుంచి 30 అడుగుల పొడవుంటాయి. మంచం, బాత్రూమ్, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్ అన్నీ లోపలే. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సిన వయసులో బండిలోనే టాయిలెట్ ఉండటం ఎంత హాయో చెప్పక్కర్లేదు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో, ఊరికి గంటల దూరంలో, మన వంట మనం వేడివేడిగా వండుకు తినడం కూడా మామూలు సుఖం కాదు.

చిక్కల్లా పొడవుతోనే. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్‌కి ఎవరైనా వెళ్ళేది గోయింగ్ టు ద సన్ రోడ్డు కోసమే. ఆ రోడ్డు మీద అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్‌కీ రైజింగ్ సన్‌కీ మధ్య, అంటే అసలు కొండ భాగంలో, 21 అడుగులకి మించి పొడవున్న బండిని గానీ, అద్దాలతో కలిపి 8 అడుగులకి మించి వెడల్పున్న బండిని గానీ రానివ్వరు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. ఆ రోడ్డు మీది కనుమ లోగన్ పాస్ దాటి పడమటికి దిగేటప్పుడు కొండరాయి రోడ్డు మీదికి వంగి ఉంటుంది. అందుకే ఆ నియమం. మోటార్‌హోమ్‌లో వచ్చినవాళ్ళు బండిని కింద వదిలి, పార్కు షటిల్‌లోనో, 1930ల నాటి ఎర్ర బస్సుల్లో టూర్ టికెట్ కొనుక్కునో పైకి వెళ్ళాలి. ఆ బస్సు ప్రయాణం బాగుంటుంది, కాదనను. కానీ నచ్చినచోట ఆపుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చోవడం కుదరదు.

కొలరాడోలో ఇండిపెండెన్స్ పాస్ మీదికి 35 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు. అది మామూలు అద్దె బండికి అడ్డు కాదు గానీ, రాకీ మౌంటెన్ పార్క్‌లోని ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు మీద 25 అడుగులే హద్దు. గ్రాండ్ టెటాన్ పార్క్‌లో మూస్ విల్సన్ రోడ్డు మీదికి ఆర్‌వీలు, అంటే మోటార్‌హోమ్ లాంటి బండ్లు, అసలే వెళ్ళకూడదు. ఐడహో వైపు నుంచి ఆ పార్క్ పక్కనున్న జాక్సన్ ఊరికి వచ్చే టెటాన్ పాస్ మీద బండి వెళ్తుంది, అయితే వాలు 10 శాతం. అంత బరువున్న బండిని ఆ దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి దింపితే బ్రేకులు కాలిపోతాయి. కింది గేరులో, ఇంజన్ పట్టు మీద దిగాలి. అలవాటు లేకపోతే స్వాన్ వ్యాలీ, ఆల్పైన్ మీదుగా స్నేక్ నది వెంబడి చుట్టు తిరిగి రావడమే క్షేమం.

వీటన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసేది రెండో ప్రశ్న. నేను చూసినంతలో మోటార్‌హోమ్ నడిపేది దాదాపు ప్రతి జంటలోనూ ఆయనే. ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది. ఫోన్ సిగ్నల్ కూడా అందని లోయలో ఆయనకి బీపీ పెరిగితే ఏం చేస్తారు? మా ఇద్దరి విషయంలో వ్యాన్ వైపు మొగ్గడానికి కారణం ఇదే. ఒకసారి టెటాన్ పర్వతాల దగ్గర నాకు తల తిరిగి స్టీరింగ్ పట్టుకోలేకపోతే, మా ఆవిడే వ్యాన్ నడిపి జాక్సన్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అది 28 అడుగుల బండి అయ్యుంటే తను తాళం కూడా పుచ్చుకునేది కాదు.

వ్యాన్‌లో లోటు లేదని కాదు. 19, 20 అడుగుల వ్యాన్‌లో టాయిలెట్, షవర్ ఒకే అరలో ఇరికిస్తారు. స్నానం చేస్తే అంతా తడుస్తుంది, తుడుచుకున్నాకే మళ్ళీ వాడుకోవాలి. కొన్ని మోడళ్ళలో అసలు బాత్రూమే ఉండదు, కాబట్టి బుక్ చేసేముందు అడిగి తెలుసుకోండి. మంచం సంగతి ఇంకా ముఖ్యం. వెడల్పుకి అడ్డంగా వేసిన మంచమైతే, లోపలివైపు పడుకున్న మనిషి రాత్రి లేచినప్పుడల్లా రెండో మనిషిని దాటుకుని దిగాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇది రోజూ నరకమే. పొడుగు వారగా రెండు విడి మంచాలున్న మోడల్ దొరికితే, కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

వంట చేసుకునేవాళ్ళకి ఒక మాట. 8,000 అడుగుల ఎత్తులో నీళ్ళు దాదాపు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. చిన్న కుక్కర్ తప్పకుండా పెట్టుకోండి, ఇంట్లోకంటే ఒకటి రెండు కూతలు ఎక్కువ రానివ్వండి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కాబట్టి వాసనొచ్చే వస్తువేదీ బయట బల్లమీద ఉంచకూడదు. ఆవకాయ సీసా, కడగని గిన్నె, చివరికి టూత్‌పేస్ట్ కూడా బండిలోకి రావాల్సిందే. ఎల్లోస్టోన్ లోపల నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షన్ మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. అక్కడ ఎలుగుబంట్ల మూలంగానే గుడారాలు వేసుకోనివ్వరు, గట్టి గోడలున్న బండ్లకే చోటు. నిద్రలో ఊపిరి కోసం సీపాప్ మెషిన్ వాడేవాళ్ళు కరెంటు కనెక్షన్ లేని చోట బ్యాటరీ ఏర్పాటు చూసుకోవాలి. రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరు.

మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని రెండు బండ్లకీ ఉంటుంది. చేతి తొడుగులు వేసుకుని, వంగి, గొట్టం బిగించి, ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు నీళ్ళ ట్యాంకు వదలాలి. సింకు నీళ్ళతో గొట్టం శుభ్రపడుతుందని ఆ వరస. కష్టమైన పనేం కాదు గానీ, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి.

కారూ క్యాబినూ ఏ రోడ్డుకీ ఇబ్బంది లేని మార్గం. కొలరాడోలో, రాకీ మౌంటెన్ పార్క్‌లోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద 12,183 అడుగుల ఎత్తుకి కారులో వెళ్ళి, సాయంత్రానికి కిందకి దిగి మామూలు మంచం మీద పడుకోవచ్చు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్ళకి ఇదే మేలు. పగలు ఎంత ఎత్తుకి ఎక్కినా రాత్రి తక్కువ ఎత్తులో నిద్రపోవడం ముఖ్యం. ఆ లెక్కన కొలరాడో కంటే గ్లేసియర్ తేలిక. అక్కడ మెక్‌డొనాల్డ్ సరస్సు 3,200 అడుగుల లోపే ఉంటుంది, లోగన్ పాస్ కూడా 6,646 అడుగులే. ఇక కారు ప్రయాణంలో లోటు తిండి. పార్కు లాడ్జీల్లో చాలా గదులకి వంటిల్లుండదు. రోజూ బర్గర్లూ, సలాడ్లూ తినాలంటే మనవాళ్ళకి మూడో రోజుకే నోరు చచ్చిపోతుంది.

ఇప్పుడు ఖర్చు. రాకపోకలు, లోపలి తిరుగుడు కలిపి 1,500 మైళ్ళనుకుంటే, గ్యాలన్‌కి 9 మైళ్ళిచ్చే మోటార్‌హోమ్ 165 గ్యాలన్ల పైన తాగుతుంది. 15 మైళ్ళిచ్చే వ్యాన్ 100, కారు 50 గ్యాలన్లతో సరిపెడతాయి. అద్దె బండికి రోజువారీ మైళ్ళ పరిమితి, జనరేటర్ గంటలు, దుప్పట్లు, గిన్నెల ఛార్జీలు అన్నీ చేర్చాకే క్యాబిన్ ధరతో పోల్చాలి. సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉండి 62 నిండినవాళ్ళకి 80 డాలర్లకి నేషనల్ పార్కుల్లోకి వెళ్ళడానికి జీవితాంతం పనిచేసే సీనియర్ పాస్ ఇస్తారు. దానితో చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధరే పడుతుంది. పిల్లల్ని చూడటానికి విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి ఆ పాస్ రాదు. కాబట్టి ఒకే ప్రయాణం ఒక జంటకి లాభం, ఇంకో జంటకి నష్టం కావచ్చు.

నా మటుకు తీర్పు ఇది. ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చు, ఒళ్ళు సహకరిస్తోంది అనుకుంటే 21 అడుగుల లోపు, బాత్రూమ్ ఉన్న వ్యాన్ తీసుకోండి. నాలుగైదు రోజులకోసారి ఒక రాత్రి మోటెల్‌లో దిగి, తీరిగ్గా తలస్నానం చేసి, బట్టలు ఉతుక్కోండి. గుండె జబ్బు, ఆయాసం ఉంటే ఇంకేం ఆలోచించకుండా కారు, వంటిల్లున్న క్యాబిన్. మోటార్‌హోమ్ ఒక్క సందర్భంలోనే మేలు: పిల్లలో, అన్నదమ్ములో ఇంకో కారులో వెంట వస్తుండాలి. అప్పుడు పెద్ద బండి క్యాంప్‌గ్రౌండ్‌లో కదలకుండా ఉంటుంది, కొండరోడ్లన్నీ అందరూ కారులో చుట్టి రావచ్చు. ఏదైనా సరే జూలై, ఆగస్టుకి అనుకుంటే చలికాలంలోనే బుక్ చేయండి. చాలా క్యాంప్‌గ్రౌండ్లు ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తాయి, మంచివి నిమిషాల్లో అయిపోతాయి.