మిలిటరీ సాఫ్ట్‌వేర్ కొనాలంటే: తక్కువ ధరా, సర్టిఫికెట్టా, ట్రయలా... ఏది మేలు?

మిలిటరీవాళ్లు బిడ్లు పిలుస్తూ ఇచ్చే ఏ ఆర్‌ఎఫ్‌పీ తెరిచినా వెనకాల ఒక పెద్ద పట్టిక ఉంటుంది. ఎడమవైపు వాళ్లు అడిగినవి, కుడివైపు మన జవాబు. ఆ కుడివైపు గడిలో ఏం రాయాలో ఈ లైన్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు: ‘కంప్లైడ్’, అంటే అడిగింది మా దగ్గరుంది అని. మూడు వందల వరసలుంటే మూడు వందల ‘కంప్లైడ్’లు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ తరఫున నేను చాలా ఏళ్లుగా ఈ గడులు నింపుతున్నాను. పోటీకొచ్చిన నలుగురూ అన్ని గడుల్లోనూ అదే మాట రాస్తే, కొనేవాళ్లు ఎవరిని ఎంచుకోవాలి?

ఇప్పటిదాకా చలామణీలో ఉన్న దారులు ముఖ్యంగా మూడు. ఎవరు తక్కువ అడిగితే వాళ్లకివ్వడం. మంచి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకివ్వడం. చేతికిచ్చి పని చేయించి చూడటం.

మొదటిదాన్నే మనవాళ్లు ఎల్-1 అంటారు. టెక్నికల్ కవరు ముందు తెరుస్తారు. అందులో పాసైనవాళ్ల ధర కవర్లు తర్వాత తెరుస్తారు. తక్కువ ఎవరిదైతే ఆర్డర్ వాళ్లది. రక్షణ శాఖ కొనుగోలు నియమాలు, అంటే 2020 డీఏపీ కింద జరిగే పెద్ద కొనుగోళ్లలో కూడా ట్రయల్ నెగ్గినవాళ్ల మధ్య చివరికి మామూలుగా తేల్చేది ఈ లెక్కే. దీన్ని తిట్టడం ఫ్యాషన్ కానీ, సంతకం పెట్టే ఆఫీసరు వైపు నుంచి చూడండి. రేపు ఆడిట్ వచ్చి ‘ఎందుకు వీళ్లకిచ్చారు?’ అంటే ‘వీళ్లే తక్కువకి ఇచ్చారు’ అన్నంత తేలికైన జవాబు ఇంకోటి లేదు. ప్రింటర్లు, కేబుళ్లు, రెడీమేడ్ లైసెన్సులు కొనడానికి ఎల్-1 చాలు. ఇద్దరమ్మే సరుకు ఒకటే అయినప్పుడు ధర చూడక ఇంకేం చూస్తారు?

కొత్తగా రాయించుకునే సాఫ్ట్‌వేర్ దగ్గరికొస్తే కథ వేరు. మా వైపు నుంచి నిజం చెబుతాను. తక్కువకి కోట్ చేసినప్పుడు ఆ నష్టం ఎక్కడ పూడ్చుకోవాలో ముందే లెక్కేసుకుంటాం. మార్పులకు వేరే బిల్లు. ఏటా నిర్వహణకి ఏఎంసీ ఇంకో బిల్లు. సీనియర్లని చూపించి టెండర్ గెలిచి, పనికి ఫ్రెషర్లని పెట్టడం మూడోది.

నాణ్యతకీ మార్కులిచ్చి, ధరతో కలిపి చూసే పద్ధతి కూడా ఉంది: క్యూసీబీఎస్. కన్సల్టెన్సీకే పరిమితమైన ఈ పద్ధతిని కొన్ని ఇతర పనులకూ సేవలకూ వాడుకోవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో చెప్పింది. కానీ నాణ్యత వాటా 30 శాతం దాటకూడదని గీత గీసింది. ఆ గీత ఏం చేస్తుందో కాగితం మీద వేసి చూద్దాం. ఒక కంపెనీకి టెక్నికల్‌లో 90 మార్కులొచ్చాయి, అడిగింది 10 కోట్లు. రెండోదానికి 70 మార్కులు, అడిగింది 8 కోట్లు. అందరికన్నా తక్కువ అడిగినవాళ్లకి ధర మార్కులు 70కి 70, మిగతావాళ్లకి ఆ నిష్పత్తిలో తగ్గుతాయి. మొదటివాళ్లకి నాణ్యత కింద 27, ధర కింద 56, మొత్తం 83. రెండోవాళ్లకి 21, 70 కలిపి 91. మొదటివాళ్లు గెలవాలంటే 8 కోట్ల 75 లక్షల కన్నా కిందికి దిగాలి. అంటే ఆ 20 మార్కుల తేడాకి ఈ లెక్క కట్టిన విలువ ముప్పావు కోటి! అదే వాటాలు తిరగేసి నాణ్యతకి 70 ఇస్తే మొదటివాళ్లు 87, రెండోవాళ్లు 79. బిడ్లు అవే, గెలిచేది మాత్రం వేరేవాళ్లు. అందుకే టెండర్ వచ్చిందనగానే మేం మొదట చూసేది స్పెసిఫికేషన్లని కాదు, వెయిటేజీ పేజీని.

ఇక సర్టిఫికెట్లు. 2000 ప్రాంతంలో హైటెక్ సిటీ, అమీర్‌పేట తిరిగినవాళ్లకి ‘సీఎమ్ఎమ్ లెవెల్ 5’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. ఉద్యోగం ఏ లెవెల్ కంపెనీలోనని అబ్బాయిని పెళ్లిచూపుల్లో అడిగిన కాలం అది. ఆ లెవెళ్ల పుట్టుక అమెరికా వాయుసేన తలనొప్పిలో ఉందని చాలామందికి తెలీదు. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లు టైముకివ్వరు, బడ్జెట్ దాటిస్తారు, ఇచ్చింది పనిచేయదు. వీళ్లలో ఎవరు నమ్మదగినవాళ్లో ముందే పసిగట్టే దారి చెప్పమని వాళ్లు అడిగితే, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాట్స్ హంఫ్రీ బృందం 1987లో ఒక ప్రశ్నావళి తయారుచేసింది. ఆలోచన బాగుంది. సరుకు ఇంకా పుట్టలేదు కాబట్టి దాన్ని చూడలేం, కనీసం చేసేవాళ్ల అలవాట్లు చూద్దాం అని. ఇదే తర్వాత ఐదు లెవెళ్ల సీఎమ్ఎమ్ అయింది. 1999 నాటికి పెంటగాన్ తన అతిపెద్ద ప్రాజెక్టులకి లెవెల్ 3 గానీ దానికి సమానమైనది గానీ ఉండాలంది.

తర్వాత జరిగింది మనకి కొత్తేం కాదు. పరీక్ష పెడితే కోచింగ్ సెంటర్ వస్తుంది. లెవెల్ కోసమే డాక్యుమెంట్లు రాసే డిపార్ట్‌మెంట్లు పుట్టాయి. పైగా ఆ సర్టిఫికెట్ ఇచ్చేది ఒక యూనిట్‌కి, అదీ మూడేళ్లకి. రేపు మీ పనికొచ్చే టీమ్‌ సర్టిఫికెట్ వచ్చినప్పుడు అసలు ఆ కంపెనీలోనే ఉండకపోవచ్చు.

అలాగని కాగితాలన్నీ దండగ అనను. విమానంలో ఎగిరే సాఫ్ట్‌వేర్‌కి డీవో-178సీ పద్ధతిలో ప్రతి అవసరానికీ ఒక టెస్టు, ప్రతి లైనుకీ ఒక కారణం చూపించమంటారు. మన సైనిక విమానాల సంగతి చూసే బెంగళూరు సెమిలాక్ కూడా ఈ సాక్ష్యాలు అడుగుతుంది. ఎందుకంటే ఎప్పుడో ఒకసారి వచ్చే లోపం నాలుగు రోజుల ట్రయల్‌లో బయటపడదు.

ట్రయల్‌ని అందరికన్నా ఎక్కువ నమ్మే నాకు ఆ సంగతి గుర్తుచేసేది ధహ్రాన్. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ఆ ఊళ్లో ఇరాక్ స్కడ్ క్షిపణి బ్యారక్ మీద పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. కాపలాగా ఉన్న పేట్రియట్ క్షిపణి నిరోధక వ్యవస్థ దాన్ని ఆపే ప్రయత్నమే చేయలేదు. ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. 0.1ని బైనరీలో కచ్చితంగా రాయలేం, 24 బిట్ల దగ్గర తెగ్గొడితే కొంచెం మిగిలిపోతుంది. ఆ కొంచెమే గంటగంటకీ పోగై, 100 గంటలు ఆపకుండా నడిచేసరికి సెకనులో మూడో వంతు దాటింది. ఆ కాస్తలో స్కడ్ అర కిలోమీటరు పైనే పోతుంది. రాడార్ దానికోసం వెతికిన చోట అది లేదు. కొన్ని గంటలు వాడి, చోటు మార్చేస్తారనుకుని చేసిన యంత్రం అది. కొన్ని గంటల ట్రయలే పెట్టి ఉంటే నూటికి నూరు మార్కులొచ్చేవి.

ఈ కథలో నన్ను వదలనిది ఇంకోటుంది. గంటల తరబడి నడిస్తే గురి తప్పుతోందని ఇజ్రాయెల్‌వాళ్లు ఫిబ్రవరి 11నే చెప్పారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది 26న. ప్రమాదం జరిగిన మర్నాడు.

కాబట్టి ట్రయల్ మేలే, వాడకం ఎంతసేపో అంతసేపు పెడితే. 2018 మార్చిలో అమెరికా సైన్యం తన ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్ కోసం పాలంటీర్, రేథియాన్ కంపెనీలు రెండింటినీ ఎంచుకుని, రెండు సరుకుల్నీ సైనికులతో వాడించి చూసింది. మరుసటి ఏడాది పాలంటీర్ నెగ్గింది. దీనికి ముందు ఓ కోర్టు కేసు నడిచింది. మార్కెట్లో సిద్ధంగా ఉన్నది పనికొస్తుందో లేదో చూడకుండానే కొత్తది కట్టించుకోబోయారని పాలంటీర్ దావా వేసి 2016లో గెలిచింది.

మన దగ్గర ట్రయల్ అంటే ఎక్కువగా ఎన్‌సీఎన్‌సీ. మీ ఖర్చుతో మీరే రావాలి, కొంటామన్న హామీ ఉండదు. పెద్ద కంపెనీకి అది ప్రయాణ ఖర్చు. మాలాంటివాళ్లకి జీతాల డబ్బు. ఒకసారి పది రోజులని చెప్పిన ట్రయల్ వాయిదాల మీద వాయిదాలు పడి రెండు నెలలు సాగింది. మా ఇద్దరు కుర్రాళ్లు ఎడారి ఊళ్లో గెస్ట్‌హౌస్ అద్దె కడుతూ కూర్చున్నారు. 2018లో మొదలైన రక్షణ శాఖ గ్రాంట్ల పథకం ఐడెక్స్ ఈ విషయంలో కొంత ఊరట. ప్రోటోటైప్‌కి కోటిన్నర దాకా, అందులోనే ప్రైమ్ అనే విభాగం కింద 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి కింద 25 కోట్ల దాకా గ్రాంట్ వస్తుంది. దానికి తగ్గ వాటా మనమూ పెట్టాలి.

నన్నడిగితే, రెడీమేడ్ సరుక్కి ఎల్-1 పెట్టండి, గొడవ వదిలిపోతుంది. మ్యాపులు, సరఫరా లెక్కలు, ఇంటెలిజెన్స్ లాంటివి సైనికుల చేతికిచ్చి చూడండి, ట్రయల్ ఖర్చు కొంతైనా మీరు భరించండి. ఎగిరేవాటికీ పేలేవాటికీ ట్రయలూ కావాలి, కాగితాలూ కావాలి. ఈ మూడింట్లో ఏదైనా సరే, సోర్స్ కోడ్, డేటా హక్కుల సంగతి ధర కవరు తెరవకముందే తేల్చుకోండి. ఎఫ్-35 యుద్ధవిమానాల నిర్వహణకి వాడే ఎలిస్ సాఫ్ట్‌వేర్ విషయంలో అమెరికా అంతటిది ఆ పేచీలోనే ఏళ్లు గడిపి, ఇక కొత్త వ్యవస్థకి మారతామని 2020లో ప్రకటించింది.

ఒకసారి మా ఆఫీసుకి ఒక కల్నల్ గారు వచ్చారు. ప్రజెంటేషన్ వద్దన్నారు, సర్టిఫికెట్ల ఫైలు పక్కకి జరిపారు. ‘బగ్ వస్తే సరిచేసేది ఎవరు? ఆయన పక్కన కూర్చుంటాను’ అన్నారు. మా కుర్రాడి పక్కన కుర్చీ వేసుకుని, ఆఖరి పది బగ్‌ల లాగ్ తెరిపించి, ఏది ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయిందని తారీఖులు రాసుకున్నారు. తర్వాత మ్యాప్ మీద ఒక గుర్తు రంగు మార్చి, కొత్త బిల్డ్ తీసి, ఆయన తెచ్చిన లాప్‌టాప్‌లో వేసి చూపించమన్నారు. ‘ఈ టీ అయ్యేలోపు అవుతుందా?’ అని నవ్వారు. అవుతుంది సార్ అన్నాడు మావాడు. ఆ రోజు టీ మూడుసార్లు తెప్పించాం.