ఏటికొప్పాక లక్కబొమ్మలు: వైజాగ్‌లో కొనేవారికి

సర్కారు ఊతం చేతివృత్తికి ఎలా పనికొస్తుందో చూడాలంటే వైజాగ్ స్టేషన్‌లో స్థానిక ఉత్పత్తులు అమ్మే రైల్వే వారి ‘ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి’ స్టాల్ దగ్గర ఓ ఏటికొప్పాక బొంగరం తీసుకోండి. 2017లో ఈ బొమ్మలకు జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చింది. దానికంటే నాకు ముఖ్యంగా తోచేది 2020 నాటి మినహాయింపు. ఆట వస్తువులకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన హస్తకళాకారుల్ని, జీఐ బొమ్మల్ని కేంద్రం వదిలేసింది. లేకుంటే చిన్న కార్ఖానాలు పరీక్షల ఖర్చుకే మూతపడేవి.

ఇక సరుకు. అంకుడు కర్రను ఆరబెట్టి లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగ వస్తుంది. పసుపు కొమ్ములు, నీలి, జాఫరా గింజల నుంచి వచ్చే రంగులు కాస్త మెత్తగా, మట్టిఛాయలో ఉంటాయి. మరీ జిగేలుమంటే రసాయన రంగేమోనని అడగండి, మొహమాటం వద్దు.

కర్ర సరిగా ఆరకపోతే కొన్నాళ్లకు బొమ్మ నిలువునా బీటేస్తుంది, అందుకే అడుగుభాగం తిప్పి చూడండి. కుంకుమ భరిణె మూత మరీ బిగుతుగా ఉన్నది తీసుకోవద్దు. మన సముద్రపు చెమ్మకు, వానాకాలంలో ఉబ్బి అసలు రాదు. నీళ్లతో కడగొద్దు, కారు డాష్‌బోర్డు మీద అసలు పెట్టొద్దు: ఎండకు లక్క మెత్తబడి వేలిముద్రలు పడతాయి. పొడిగుడ్డ చాలు.