డెబీజియంతో నాలుగేళ్లు: టేబుల్‌లో మార్పు జరగగానే పని మొదలవ్వాలంటే

విజయవాడలో మందుల హోల్‌సేల్ పంపిణీ చేసే ఒక సంస్థలో ఆర్డర్ల వ్యవస్థను నేను చూసుకుంటాను. ఆర్డర్‌కు ఆమోదం రాగానే ఇన్వాయిస్ తయారుకావాలి, గోదాములో సరుకు తీసే చీటీ ప్రింట్ కావాలి, మెడికల్ షాపు యజమానికి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఒకప్పుడు నిమిషానికోసారి నడిచే క్రాన్ స్క్రిప్టు ఈ పనులు చేసేది. టేబుల్‌లోని రో (వరుస) చివరిగా మారిన సమయాన్ని బట్టి అది కొత్తవాటిని ఏరుకునేది కాబట్టి, డిలీట్ అయిన ఆర్డరు దాని కంటపడేదే కాదు.

మొదట మా డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లోనే ఉన్న లిజన్, నోటిఫై ఆదేశాలతో ప్రయత్నించాం. ట్రాన్సాక్షన్ (కలిసి జరగాల్సిన మార్పుల గుంపు) కమిట్ అయ్యాకే, అంటే ఖరారయ్యాకే, సందేశం వెళ్లడం బాగుంది గానీ, ఆ క్షణంలో వినే కనెక్షన్ లేకపోతే అది శాశ్వతంగా పోతుంది. పైగా సందేశం 8000 బైట్ల లోపే ఉండాలి. ఆ సందేశాలు వినే వర్కర్ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఒకటో రెండో ఆర్డర్లు నిలిచిపోవడంతో నాలుగేళ్ల కిందట డెబీజియంకు మారాం.

డెబీజియం, డేటాబేస్ తన మార్పులను ముందుగా రాసుకునే వాల్ లాగ్‌ను చదివి, ప్రతి రోలో జరిగిన మార్పును ఒక ఈవెంట్‌గా కాఫ్కా అనే సందేశాల వ్యవస్థకు పంపుతుంది. దీనికి ఆధారమైన లాజికల్ డీకోడింగ్ (లాగ్‌ను రోల మార్పులుగా విడమరిచే సదుపాయం) 2014లో పోస్ట్‌గ్రెస్ 9.4తో వచ్చింది. 10వ వెర్షన్ నుంచి, ఆ మార్పులను బయటికి అందించే పీజీఅవుట్‌పుట్ ప్లగిన్ డేటాబేస్‌తో పాటే వస్తున్నందున సర్వర్‌లో వేరేగా ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అప్లికేషన్ కోడ్‌ను ముట్టుకోకుండానే, సపోర్ట్ వాళ్లు నేరుగా ఎస్‌క్యూఎల్‌తో చేసిన మార్పు కూడా మాకు అందడం మొదటి వారంలోనే నన్ను ఆకట్టుకుంది.

రెండో నెలలో ఒక షాపుకు ఒకే ఆర్డరు మీద రెండు ఇన్వాయిస్‌లు వెళ్లాయి. ఆ ఈవెంట్‌ను తెరిచి చూస్తే ఆపరేషన్ దగ్గర 'యు' అని, అంటే అప్‌డేట్ అని ఉంది. కొత్త విలువల్లో స్థితి 'ఆమోదితం' అని ఉంది. పాత విలువలు ఉండాల్సిన చోట నల్, అంటే ఖాళీ, ఉంది. నిజానికి ఆ ఆర్డరు ముందురోజే ఆమోదం పొందింది. ఎవరో ఫోన్ నంబరు సరిదిద్దగా, పాత స్థితి తెలియని మా కోడ్ దాన్ని కొత్త ఆమోదంగా లెక్కగట్టింది. లాగ్‌లో పాత విలువలు ఎంతవరకు రాయాలో చెప్పే రెప్లికా ఐడెంటిటీ అనే సెట్టింగ్‌ను ఫుల్‌గా మారిస్తే పాత విలువలన్నీ వస్తాయి, కాకపోతే లాగ్ పరిమాణం పెరుగుతుంది. మేం ఆ మార్పు చేశాం, అయినా నాకు తృప్తి కలగలేదు. రో ఎలా మారిందో ఈవెంట్ చెబుతుంది గానీ, ఎందుకు మారిందో చెప్పదు. వర్క్‌ఫ్లోకు, అంటే ఇన్వాయిస్ నుంచి ఎస్సెమ్మెస్ దాకా సాగే పనుల వరుసకు, కావలసింది ఆ కారణమే.

అందుకే అవుట్‌బాక్స్ పద్ధతికి వచ్చాం. ఆర్డర్‌ను ఆమోదించే ట్రాన్సాక్షన్‌లోనే అవుట్‌బాక్స్ టేబుల్‌లో 'ఆర్డర్ ఆమోదం' అనే రో ఒకటి చేరుతుంది, డెబీజియం ఆ ఒక్క టేబుల్‌నే గమనిస్తుంది. చేర్చిన రోను అదే ట్రాన్సాక్షన్‌లో డిలీట్ చేసినా ఇన్సర్ట్ లాగ్‌లో ఉంటుంది కనుక ఈవెంట్ వెళ్తుంది. కొంతకాలం మా టేబుల్ ఎప్పుడూ ఖాళీగానే కనిపించేది. అయితే చేత్తో రాసిన ఎస్‌క్యూఎల్ మార్పులు ఇక మాకు అందవు కాబట్టి, సపోర్ట్ వాళ్లకు ఆ పనుల కోసం ప్రత్యేకంగా ఒక స్క్రీన్ కట్టి ఇవ్వాల్సి వచ్చింది.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది, లాగ్‌ను ఎక్కడిదాకా చదివారో పోస్ట్‌గ్రెస్ గుర్తుపెట్టుకునే రెప్లికేషన్ స్లాట్ విషయంలో. చదివేవాడు, అంటే మా విషయంలో డెబీజియం, అందిందని చెప్పేదాకా పోస్ట్‌గ్రెస్ లాగ్‌ను తీసేయదు. ఒక సంక్రాంతి సెలవుల్లో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి, డెబీజియం కనెక్టర్‌లో మార్చడం మరిచిపోయాం. మూడో రోజు ఉదయానికి డిస్కు నిండి డేటాబేస్ ఆగిపోయింది, రెండు గంటలపాటు ఒక్క ఆర్డరు కూడా తీసుకోలేకపోయాం. 13వ వెర్షన్ నుంచి స్లాట్ పట్టి ఉంచే లాగ్‌కు పరిమితి పెట్టే వీలుంది, డిఫాల్ట్‌గా మాత్రం ఏ పరిమితీ ఉండదు. పరిమితి దాటితే స్లాట్ పనికిరాకుండా పోతుంది. అప్పుడు మళ్లీ స్నాప్‌షాట్, అంటే టేబుల్‌లో ఆ క్షణాన ఉన్న రోల నకలు, తీసుకోవాలి, కానీ వెంటనే డిలీట్ చేసిన అవుట్‌బాక్స్ రోలు స్నాప్‌షాట్‌లో దొరకవు. ఇది అర్థమయ్యాక ఆ రోలను వారం రోజులు ఉంచుతున్నాం, స్లాట్ ఎన్ని జీబీ వెనకబడిందో ఐదు నిమిషాలకోసారి కొలిచి అలారం మోగిస్తున్నాం.

ఒకే ఈవెంట్ రెండుసార్లు రావచ్చన్నది కూడా మొదటి రోజే ఒప్పుకోవాల్సిన విషయం. మేం వర్క్‌ఫ్లోలను నడిపే టెంపోరల్ అనే సాధనంలో అవుట్‌బాక్స్ రో ఐడీనే వర్క్‌ఫ్లో ఐడీగా ఇచ్చి, పునరావృతాన్ని తిరస్కరించే విధానాన్ని ఎంచుకున్నాం. పూర్తయిన వర్క్‌ఫ్లోల చరిత్రను నిల్వ ఉంచే గడువు దాటితే ఈ రక్షణ ఉండదు కాబట్టి, ఆ గడువును మేం రోలను ఉంచే వారం కంటే ఎక్కువగా పెట్టాం.

కాఫ్కాను చూసుకునే మనిషి లేని చిన్న బృందానికి నేను దీన్ని సూచించను. వాళ్లకు అవుట్‌బాక్స్ టేబుల్‌ను కొన్ని సెకన్లకోసారి చదివే చిన్న వర్కరే చాలు. మాకైతే ఆమోదానికీ గోదాము చీటీకీ మధ్య నిమిషం దాకా పట్టేది ఇప్పుడు రెండు సెకన్లు దాటడం లేదు, ఈ ఏడాది మళ్లీ మార్చే ఆలోచన నాకు లేదు.