పాత చర్చి గోడలకి డంగు సున్నమా, సిమెంటా? ఏది మేలు?

ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి, జైపూర్ వైపు పాత చర్చికి రిపేర్ అనగానే కమిటీలో మొదటి గొడవ ఇదే. నేనైతే సున్నం వైపే.

కొరాపుట్ వైపుకి జర్మనీ నుంచి బ్రెక్లుమ్ లూథరన్ మిషన్ వాళ్ళొచ్చింది 1882లో, పోర్‌బందర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది 1914లో, అంటే ఆ తొలినాటి గోడలు సున్నంతోనో మట్టితోనో లేచినవే. వాటి కింద ఇప్పట్లా డీపీసీ (చెమ్మ పైకి ఎక్కకుండా పునాది మీద వేసే పొర) ఉండదు, నేల చెమ్మని పీలుస్తూనే ఉంటాయి. పైన సున్నం ఉంటే ఆ చెమ్మ బయటికి ఆరిపోతుంది, సిమెంటు కొడితే దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది, లోపల ఉప్పు చేరి పెచ్చులు ఊడతాయి, పెచ్చుతో పాటు ఇటుక ముఖం కూడా రాలిపోద్ది. అదే నా బాధ. సిమెంటు మళ్ళీ పూస్తారు సరే, ఆ ఇటుక ఎక్కడ తెస్తారు?

సిమెంటుకి మంచి లేదనట్లేదు, మేస్త్రీ ఏ ఊళ్ళో అయినా దొరుకుతాడు, పని తొందరగా అవుతుంది, ఖర్చు కూడా తక్కువే. సున్నానికి నానబెట్టడం, సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి గానుగ ఆడటం, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు, ఒక పూత ఆరాకే ఇంకో పూత, ఓపిక కావాలండి. కాంపౌండ్ గోడకి, కొత్త హాలుకి సిమెంటే వాడుకోండి.

ఇంక పైకప్పు. 2018 తిత్లీ తుఫాన్‌కి గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో అందరికీ తెలుసు, అందుకే స్లాబ్ వేసేద్దాం అంటారు, ఆ భయం న్యాయమే. కానీ నాలుగంగుళాల స్లాబ్ చదరపు మీటరుకి దగ్గర దగ్గర 250 కిలోలు, బెంగుళూరు పెంకులు చెక్క పట్టీలతో కలిపి 65 కిలోలు, ఇన్నేళ్ళు తేలిక కప్పు మోసిన గోడ మీద ఇంజనీరుకి చూపించకుండా అంత బరువు పెట్టకండి. పెంకులే ఉంచి, వాసాలు మార్చి, చూరు వెంబడి పెంకుల్ని తీగతో కట్టించడం నాకు మేలనిపిస్తుంది.

ఒకవేళ క్రిస్మస్‌కి రెండు నెలలే ఉంటే ఆ తొందరలో సిమెంటుకి ఒప్పుకోవద్దు, ప్లాస్టిక్ పెయింట్ కూడా వద్దు, అదీ చెమ్మని ఆపేస్తుంది. ఈసారికి వెల్ల వేయించి పండగ చేసుకోండి, ప్లాస్టరింగ్ జనవరిలో మొదలుపెడితే వానలొచ్చేలోపు ఆరుతుంది.